గళ్ళలో బూతులు, గళ్ళలో రాజకీయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండలో ఉంటాను. తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో కొద్దిమంది చదివే ఒక చిన్న నెలపత్రికకు చాలా ఏళ్ళుగా గళ్ళనుడికట్టు కూరుస్తున్నాను. పదకేళి అనండి, గడినుడి అనండి, క్రాస్‌వర్డ్ అనండి, పని ఒకటే. సరైన జవాబులు పంపేవాళ్ళకంటే "సార్, ఆ మాట ఎట్ల పెట్టిన్రు?" అని ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. అందుకే అందరూ అడిగేవి ఒకచోట రాసి పెడుతున్నాను. తిట్ల గురించి రాస్తూ తిట్లు రాయకుండా ఉండలేం కదా, కొన్ని తప్పలేదు. మరీ పచ్చివి మాత్రం మీ ఊహకే వదిలేశాను.

గళ్ళు నింపడం కాలక్షేపం. దానికి ఇంత చర్చ ఎందుకు సార్?

కాలక్షేపమే, కాదనను. అయితే ఒక తేడా చూడండి. పేపర్లో ఎవరో ఎవరినో తిట్టిన వార్త వస్తే మీరు చదివి పేజీ తిప్పేస్తారు. కథలో పాత్ర బూతు మాట్లాడితే అది ఆ పాత్ర నోరు. గళ్ళ దగ్గరికి వచ్చేసరికి నేను ఖాళీలు ఇచ్చి, ఆధారం ఇచ్చి, ఆ మాటను మీ చేత, మీ పెన్నుతోనే రాయిస్తాను. గడికొక అక్షరం చొప్పున, తీరిగ్గా. రాయనంటే పక్క మాటలు కూడా ఆగిపోతాయి. అంటే మిమ్మల్ని తిట్టే మాటను మీతోనే రాయించే వీలు కూర్పరికి ఉంది. ఒక మాట పెట్టాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు నేను ముందుగా చూసుకునేది ఇదే: దీన్ని నింపేటప్పుడు ఎవరి చెయ్యి ఆగుతుంది?

ఇంకొకటి. మన ఇళ్ళలో గళ్ళు ఒక్కరే కూర్చుని నింపరు. నానమ్మకు చిన్న అక్షరాలు ఆనవు. మనవరాలు ఆధారం పైకి చదువుతుంది, నానమ్మ జవాబు చెబుతుంది, వంటింట్లోంచి కోడలు "అది కాదత్తమ్మా" అంటుంది. కాబట్టి కంటికి ఎట్లా ఉందని మాత్రమే కాదు, పైకి చదివితే ఎట్లా ఉందో కూడా చూసుకోవాలి.

ఈ పేచీ మన దగ్గరేనా, బయట కూడా ఉందా?

అంతటా ఉంది. ఇప్పుడు మనం చూసే రకం గళ్ళ పజిల్ మొదటిసారి 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. చేసినవాడు ఆర్థర్ విన్. న్యూయార్క్ టైమ్స్ 1924లో ఇదంతా పాపిష్టి దండగ పని అని ఈసడించింది. 1942 ఫిబ్రవరిలో తానే మొదలుపెట్టింది. అక్కడ మొదటి గళ్ళ ఎడిటర్ మార్గరెట్ ఫారర్. చావు, రోగం, యుద్ధం, పన్నులు లాంటివి గళ్ళలోకి రాకుండా చూసేవారావిడ. ఆదివారం పొద్దున టిఫిన్ తింటూ నింపేవాడికి ముద్ద దిగకుండా చేయకూడదని వాళ్ళ లెక్క. దీన్ని 'టిఫిన్ పరీక్ష' అంటారు, ఆ మాట అక్కడి కూర్పరుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

అయినా తప్పులు జరిగాయి. 2006లో ఆ పత్రిక గళ్ళలో 'స్కమ్‌బ్యాగ్' అనే మాట పడింది. ఇప్పటివాళ్ళకు అది నీచుడు అనే అర్థంలో మామూలు తిట్టు. పాత అర్థం మాత్రం వాడి పారేసిన కండోమ్. తెలిసిన పెద్దవాళ్ళు మండిపడ్డారు. 2019 జనవరి 1న 'బీనర్' అనే మాట వచ్చింది. బేస్‌బాల్‌లో తలకు గురిపెట్టి వేసే బంతి అనే అర్థంలో ఆధారం ఇచ్చారు. కానీ అది మెక్సికో మూలాలున్నవాళ్ళను కించపరిచే మాట. ఎడిటర్ విల్ షార్ట్స్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రెండుచోట్లా ఒకటే కథ: పెట్టినవాడికి మాట మామూలుది, నింపినవాడికి ముల్లు.

బూతు ఏది, తిట్టు ఏది, మోటు ఏది? మీకు తేడా ఏమైనా ఉందా?

ఉంది. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తేనే గొడవంతా.

'గాడిద', 'దున్నపోతు', 'దద్దమ్మ', 'చవట' తిట్లు. ఇవి నా గళ్ళలో ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమగా కూడా వాడతారు. మా వైపు 'నీ బొంద' అనే మాట వినని రోజుండదు. బొంద అంటే పూడ్చిపెట్టే గుంత. అర్థం చూస్తే భయంకరం, అనేటప్పుడు మాత్రం సగం నవ్వే. 'బొంద' రెండు గళ్ళకు బాగా పనికొస్తుంది.

బూతు అంటే ఒంటినీ, పడకనూ, ఎదుటివాడి తల్లినీ అక్కచెల్లెళ్ళనూ లాగే మాటలు. ఇవి నా గళ్ళలో ఉండవు. నానమ్మ, మనవరాలు కలిసి నింపే చోట అవి నవ్వు తెప్పించవు, మౌనం తెప్పిస్తాయి. ఇక 'బూతు' అనే మాటకైతే ఏ అభ్యంతరమూ లేదు. ఒకసారి 'ఇది వినపడితే పెద్దలు పిల్లల చెవులు మూస్తారు (2)' అని పెట్టాను, చివరి అంకె గళ్ళ లెక్క. అందరూ హాయిగా నింపారు.

'వెధవ', 'ముండ' దగ్గర నాకు కొంచెం ఇబ్బంది. వెధవ అనే తిట్టు విధవ నుంచి వచ్చింది. మొగుడు పోయిన ఆడమనిషిని తిట్టుగా మార్చి మగపిల్లలకు కూడా తగిలించాం. నలభై ఏళ్ళు బడిలో పిల్లలను నేనూ 'వెధవా' అన్నాను, నాకు తట్టలేదు. ఇప్పుడు గళ్ళలో పెట్టను.

'పెండ', 'పోరి', 'దొడ్డికి' లాంటివి పెడితే మోటుగా ఉంటుందని కొందరంటారు. మీరేమంటారు?

మోటు వేరు, బూతు వేరు. ఆ మాటకొస్తే మోటు అనడం కూడా ఎవరి చెవి అనేదాన్ని బట్టి ఉంటుంది.

పెండ అంటే ఆవుపెండ. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లేది దానితోనే. పుస్తకాల తెలుగులో 'పేడ' అని చదువుకున్నవాళ్ళకు 'పెండ' వినగానే ముక్కు ముడుచుకుంటుంది. సరుకు ఒకటే కదా! ఒకసారి 'సాన్పికి కావాల్సింది (2)' అని పెట్టాను. మొదటి గడి అడ్డం మాటలో 'పెం'కు సరిపోవాలి. సగం మంది 'పేడ' రాసి, అడ్డం పొసగడం లేదని ఫోన్ చేశారు. అంతా వరంగల్, పరకాల, జనగామ వాళ్ళే. ఇంట్లో పెండ అంటారు, పెన్ను పట్టగానే పేడ అంటారు. కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన జీవితమంతా చెప్పింది జనం నోట్లో ఉన్న మాటకు రాతలో చోటివ్వమనే. ఆయన తిరిగిన ఊళ్ళో కూర్చుని పెండను బూతని కొట్టేయడం నావల్ల కాదు.

పోరడు, పోరి కూడా అంతే. ఆధారంలో 'మా వైపు' అని ఒక్క ముక్క చేరిస్తే పేచీ ఉండదు.

మీరు బాగా తప్పు చేశాను అనుకున్న మాట ఏది?

చండాలం.

'చాలా అసహ్యంగా ఉంటే అనేది (3)' అని ఆధారం ఇచ్చాను. నాకు గానీ ఎడిటర్‌కు గానీ ప్రూఫు చూసిన అమ్మాయికి గానీ అనుమానం కూడా రాలేదు. కూర మాడినా, రోడ్డు బాగాలేకున్నా రోజూ అనే మాటే కదా. పత్రిక వచ్చిన మూడోరోజు కాజీపేట వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. "సార్, నమస్తే. ఐదు నిలువు నింపిన. పక్కన మా బిడ్డ కూసున్నది. బాపూ, ఈ మాట ఏడికెళ్ళి వచ్చింది అని అడిగింది. చెప్పాల్నా, వద్దా? మీరు తెలుగు సార్ కదా, మీరే చెప్పున్రి."

నాకు నోట మాట రాలేదు. చండాలుడు అంటే ఎవరిని అనేవారో, ఊరికి ఎంత దూరంగా ఉంచేవారో తెలుగు పంతులుకు తెలియక కాదు. తెలిసీ గుర్తు రాలేదు. అదే అసలు సంగతి. గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం నాకు ఎప్పుడూ పడలేదు, ఆయనకు ప్రతిరోజూ పడింది. ఆ మాటను ఆయన తన చేత్తో మూడు గళ్ళలో రాశాడు, రాయించింది నేను. పై నెల ఆధారాల మీదనే, అందరికీ కనపడేటట్టు, తప్పైందని వేయించాను.

పచ్చి బూతు ఒకటి జారిపడి ఉంటే పది ఫోన్లు వచ్చేవి. దీనికి ఒక్కటే వచ్చింది. మిగతావాళ్ళంతా హాయిగా నింపేశారు. 'పింజారి' కూడా ఇదే జాతి మాట. దూది ఏకి బతికిన మనుషుల పేరును లుచ్చా, లఫంగి పక్కన కూర్చోబెట్టాం.

అంటే కులాల పేర్లు గళ్ళలో పూర్తిగా నిషేధమా?

లేదు. అట్లా నిషేధిస్తే చాకలి ఐలమ్మ పేరు ఎట్లా రాయిస్తాను? పాలకుర్తి దగ్గర విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పొలం మీద పంట నిలబెట్టుకున్న మనిషి ఆమె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరుంది, 'చాకలి' అనే మాటతో సహా. అక్కడ ఆ మాట గర్వం. అదే మాటను 'మురికి వదిలించేవాడు' అనే ఆధారంతో పెడితే ఇంకో అర్థం. మాట ఒకటే, వెనక ఉన్న నోరు వేరు. 'మాల'కు 'దేవుడి మెడలో పూలతో' అని ఇస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

కులం పేరు పెట్టి ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కావాలని అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. గళ్ళదాకా ఆ చట్టం వస్తుందా రాదా అని నేను ఆలోచించను. అంతదాకా పోయే ఆధారం రాసినవాడు ముందే పెన్ను కింద పెట్టాలి.

ఒంటికి సంబంధించిన మాటలు, 'నెలసరి' లాంటివి పెట్టారు. అది బూతు కాదా?

కాదు. ఒక పెద్దమనిషి ఈ మాట మీద ఉత్తరమే రాశారు, ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారని. ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఆ మాట తెలియనిది ఆయనొక్కరికే. 'రొమ్ము' కూడా పెడతాను, ఆధారం తల్లిపాల గురించో క్యాన్సర్ పరీక్ష గురించో ఉంటుంది.

వేరే మాట పట్టక బూతు పెట్టాల్సి వచ్చిందని కొందరు కూర్పరులు అంటారు. నిజమేనా?

ఇంగ్లీషులో కొంత నిజం. తెలుగులో సాకు.

వాళ్ళకు ఉన్నవి 26 అక్షరాలు. అమెరికా పత్రికల పద్ధతిలో ప్రతి తెల్లగడీ అడ్డానికీ నిలువుకూ రెండింటికీ చెందాలి. అందుకే ఒక మూలలో ఇరుక్కుంటే అచ్చులున్న చిన్న మాట ఏదో ఒకటి వేసి బయటపడతారు. అది కొంచెం కంపు కొట్టినా సరే.

మన గడిలో పట్టేది అక్షరం మొత్తం, గుణింతంతో, వత్తుతో సహా. 'స్త్రీ' ఒక్క గడి. 'కి' ఉన్నచోట 'కీ' పొసగదు. దీనివల్ల అడ్డం నిలువూ కలపడం మనకు ఎక్కువ కష్టం. ఆ కష్టానికి విరుగుడుగానే మన గళ్ళలో నల్లగళ్ళు ఎక్కువ ఉంటాయి. మాటకు ఒకటి విడిచి ఒక గడి కలిస్తే చాలనుకుంటాం. పైగా రెండక్షరాల మాటలు మన దగ్గర కుప్పలు. చివర 'డి' పడిందనుకోండి: గుడి, బడి, మడి, తడి, పొడి, ఒడి, కోడి, నాడి, వేడి. ఇన్ని ఉండగా బూతుదాకా పోవాల్సిన పని ఎవరికుంది? అప్పటికీ పట్టకపోతే ఇంకో నల్లగడి వేస్తే సరి. శ్రీశ్రీ, ఆరుద్ర కూడా గళ్ళు కట్టినవాళ్ళే. గళ్ళలో మాటలతో ఆడుకోవడానికి బూతు సాయం అక్కర్లేదు.

రాజకీయాల మాటేంటి? 'దొర', 'బాంచన్', 'రజాకార్' లాంటివి పెట్టకపోతే ఏం పోతుంది?

మా ఊరి చరిత్ర పోతుంది.

మేం నింపేది గడి. మా ఊళ్ళలో దొరలు ఉన్నది గడీ. తేడా ఒక్క దీర్ఘం. నాకు బాగా నచ్చిన నా ఆధారం ఇది: 'దీర్ఘం తీస్తే పెన్నుతో నింపేది, ఉంచితే తల వంచి పోవాల్సింది (2)'. కృష్ణా, గోదావరి జిల్లాల చుట్టాలకు ఇది అర్థం కాలేదు. వాళ్ళకు దొర అంటే పెద్దమనిషి లేదా తెల్లవాడు. మాకు దొర అంటే వెట్టి చేయించుకున్నవాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన కథ మా నానమ్మల నోట విన్నవాళ్ళం. ఆ మాటలు లేకుండా గళ్ళు కట్టమంటే కట్టొచ్చు, కానీ అవి ఏ ఊరి గళ్ళో తెలియదు.

ఇక్కడ జాగ్రత్తంతా ఆధారంలోనే. 'బాంచన్', అంటే నీ బానిసను, అనే మాటకు రెండు ఆధారాలు చూడండి. 'పేదలు దొరలతో మర్యాదగా అనే మాట (3)', 'వెట్టి రోజుల్లో బలవంతాన నోట పలికించిన మాట (3)'. జవాబు ఒకటే. మొదటిది గడీ మేడ మీద నుంచి మాట్లాడుతోంది. రెండోది గడీ గేటు బయట నిలబడి మాట్లాడుతోంది. మొదటి ఆధారం ఒక బూతుకంటే హీనం, అందులో ఒక్క చెడ్డ మాట కూడా లేకపోయినా.

అయితే ప్రతి చరిత్రా ఆటకు పనికిరాదు. 'ఎన్‌కౌంటర్' మాట నేను పెట్టను. మా జిల్లాల్లో ఊరి చివర ఎర్ర స్థూపాలు చూశారు కదా. ఆ పేర్లలో ఒకటి నింపేవాళ్ళ ఇంటిది అయి ఉండొచ్చు. పోలీసు ఇంటి కథ కూడా అంతే. ఇది సూత్రం కాదు, నా చెయ్యి ఆగుతుంది, అంతే.

సెప్టెంబర్ 17 గళ్ళ మీద అంత గొడవ ఎందుకైంది?

దీని గురించి అడగని వారం లేదు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఆ రోజును ఏమనాలనే దానిపై ఇప్పటికీ ఒక మాట లేదు. కొందరికి విలీనం, కొందరికి విమోచన, కొందరికి విద్రోహం. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. కేంద్రం విమోచన దినమంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. మాట మారితే జెండా మారుతుంది, కుర్చీలో కూర్చునే మనిషి మారతాడు.

నాకేమో గళ్ళ లెక్క కనపడింది. విలీనం, వి-లీ-నం, మూడు. విద్రోహం, వి-ద్రో-హం, మూడు. విముక్తి, అదీ మూడే. మూడింటికీ మొదటి అక్షరం 'వి'. ఇంత చక్కటి అవకాశం దేవుడిచ్చినా దొరకదు.

అప్పుడు గుర్తొచ్చింది అమెరికావాళ్ళ పజిల్. 1996 నవంబర్ 5, అక్కడ అధ్యక్ష ఎన్నికల రోజు. రేపటి వార్తల్లో ఎవరు గెలిచినట్టు వస్తుందని న్యూయార్క్ టైమ్స్ గళ్ళలో అడిగారు. జవాబు 'క్లింటన్' అన్నా సరిపోయేది, 'బాబ్ డోల్' అన్నా సరిపోయేది. ఇంగ్లీషులో రెండూ ఏడేసి అక్షరాలు. నిలువు ఆధారాలు రెండు రకాలుగానూ పొసిగేటట్టు కట్టారు. భయపెట్టే పండగ నాటి నల్ల జంతువు ఏది అంటే పిల్లి అనొచ్చు, గబ్బిలం అనొచ్చు: క్యాట్, బ్యాట్. కట్టినవాడు జెరమయా ఫారెల్. చాలామంది తమ జవాబు ఒక్కటే ఉందనుకుని, ఫలితం రాకముందే పత్రిక తేల్చేసిందని కోపగించుకున్నారట.

మనమూ చేద్దామని కూర్చున్నాను. అక్షరం మొత్తం కలవాలి కాబట్టి 'లీ'కీ 'ద్రో'కూ ఒకే మాటలో చోటు దొరకడం అసాధ్యం. నడిమి గడిని నిలువుతో కలపకుండా వదిలేశాను. మొదటి గడి 'వి', గొడవ లేదు. మిగిలింది చివరిది: 'నం' లేదా 'హం'. వారం రోజులు పట్టింది. చివరికి పొద్దున నడకకు పోతూ భద్రకాళి చెరువు గట్టు మీద చలివేంద్రం కుండలు చూశాక తట్టింది. నిలువు ఆధారం: 'ఎండాకాలం చలివేంద్రం దగ్గర కనిపించేది (2)'. దానం అన్నా సరే, దాహం అన్నా సరే. అడ్డం: '1948 సెప్టెంబర్ 17న మనకు జరిగింది (3)'. విలీనం అనుకునేవాడికి దానం, విద్రోహం అనుకునేవాడికి దాహం. ఇంత సంతోషం నాకు రిటైర్మెంట్ డబ్బులు వచ్చినరోజు కూడా కలగలేదు.

పత్రిక బయటికి వచ్చింది. విలీనం వాళ్ళు బాగుందన్నారు, విద్రోహం వాళ్ళు కూడా బాగుందన్నారు. 'విముక్తి' రాసుకున్నవాళ్ళు మాత్రం ఫోన్ మీద ఫోన్. 'దాక్తి' అని మాట లేదు కదా! "మాది తప్పని తేల్చేసిన్రు, మిగతా ఇద్దరిదీ ఒప్పన్నరు. ఏ పార్టీ సార్ మీది?" అన్నాడొకాయన. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరికి తలుపు తీసి మూడోవాడి ముఖాన వేసినట్టయింది. శక్తి, భక్తి, రక్తి, యుక్తి అని ఎంత వెతికినా మూడూ కలిసే నిలువు మాట ఇప్పటికీ దొరకలేదు. మీకు దొరికితే రాయండి, మీ పేరు వేయిస్తాను.

ఎన్నికలప్పుడు గళ్ళు ఆపేయాలా?

అక్కర్లేదు, కానీ పువ్వుల జోలికి పోవద్దు. 'వాడిపోతున్న పువ్వు (3)' అన్నారనుకోండి, కమలం అని ఒకరు, గులాబీ అని ఒకరు నింపుతారు, రెండూ మూడేసి గళ్ళే, ఇద్దరూ మిమ్మల్నే తిడతారు. కారు, చెయ్యి కూడా ఆ నెల సెలవు మీద పంపండి.

పార్టీల పేర్లతో ఇంకో బాధ ఉంది. టీఆర్‌ఎస్ బీఆర్‌ఎస్ అయినప్పుడు నాకు ఒక్క గడే మారింది, బతికిపోయాను. బండి నంబరు టీఎస్ నుంచి 2024లో టీజీకి మారినప్పుడు మూడు గళ్ళు రెండయ్యాయి, పొల్లుకు మేం విడిగా గడి ఇస్తాం కాబట్టి. కట్టి పెట్టుకున్నవి రెండు విప్పాల్సి వచ్చింది. మా ఊరి పేరే చూడండి, హన్మకొండ అంటే నాలుగు, హనుమకొండ అంటే ఐదు. 2021లో జిల్లాకు ఐదు గళ్ళ పేరే ఖాయం చేశారు.

నాయకుల పేర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఏ పదవి, ఏ ఊరు, ఏ సంవత్సరం, అంతవరకే. 'హనుమకొండ ఎంపీగా పనిచేసి తర్వాత ప్రధాని అయినవారు' అంటే పి.వి. నరసింహారావు అని అందరూ నింపుతారు, ఆయన అంటే పడనివాళ్ళు కూడా. 'మహానుభావుడు', 'ద్రోహి' లాంటి విశేషణం చేరిందా, అది గళ్ళనుడికట్టు కాదు, కరపత్రం.

రాజకీయ మాటలు పెడితే పోలీసులు రారా?

నవ్వకండి, వచ్చిన సందర్భాలున్నాయి. 1944లో మిత్ర సైన్యాలు నార్మండీలో దిగడానికి ముందు వారాల్లో లండన్ డైలీ టెలిగ్రాఫ్ గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అనే మాటలు వరసగా పడ్డాయి. అన్నీ ఆ దాడికి పెట్టుకున్న రహస్య పేర్లే. కూర్పరి లెనార్డ్ డా, నాలాగే బడి పంతులు, హెడ్మాస్టరు. గూఢచారి శాఖవాళ్ళు వచ్చి ప్రశ్నించారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన దగ్గర చదువుకున్న ఒకరు అసలు సంగతి చెప్పారు: గళ్ళలోకి మాటలు పిల్లలనే అడిగేవారట, పిల్లలేమో దగ్గర్లో ఉన్న సైనికుల నోట విన్నవి అందించారట.

2012లో వెనెజులాలో ఇంకా విచిత్రం. అధ్యక్షుడు హ్యూగో చావెజ్ అన్న ఆదాన్‌ను చంపమనే సందేశం ఒక పత్రిక గళ్ళలో దాగి ఉందని ప్రభుత్వ టీవీలో ఒకాయన ఆరోపించాడు. 'ఆదాన్' అనే మాటా, 'చంపండి' అనే అర్థమొచ్చే మాటా ఒకే పజిల్‌లో ఉన్నాయన్నది ఆయన చూపిన రుజువు. ఆ కూర్పరిని కూడా ప్రశ్నించారు.

మా దగ్గర ఇంతవరకు రాలేదు. వస్తే చాయ్ ఇచ్చి ఆ నెల గళ్ళు చేతిలో పెడతాను.

మన పాత కావ్యాల్లో లేని బూతా సార్? క్రీడాభిరామం ఓరుగల్లు కథే కదా!

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు నాకు ఇష్టం, చదువుకున్నవాళ్ళు కాబట్టి. నిజమే. అందులో మంచన శర్మ, టిట్టిభ సెట్టి కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవీ అన్నవీ ఇప్పుడు పత్రికలో వేస్తే సంచిక వెనక్కి వస్తుంది. మా ఊరి వీధులకు అంతకంటే పాత సజీవ చిత్రం ఇంకోటి దొరకదు కూడా. కానీ కావ్యం కావాలని తీసి చదివేవాడు వేరు, పత్రికతోపాటు ఇంటికి వచ్చిన గళ్ళు నింపేవాడు వేరు.

కావాలని తీసుకునేవాళ్ళ కోసం బూతు గళ్ళు కట్టినా నాకు అభ్యంతరం లేదు. ఇంగ్లండ్‌లో ప్రైవేట్ ఐ అనే వ్యంగ్య పత్రిక ఉంది. దానికి టామ్ డ్రైబర్గ్ అనే లేబర్ పార్టీ ఎంపీ మారుపేరుతో కావాలనే పచ్చిగా గళ్ళు కూర్చేవాడు. ఒకసారి బహుమతి ఒక బిషప్ గారి భార్యకు వచ్చింది. ఆ బిషప్పే తర్వాత కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యారు. ఆ పత్రిక కొన్నవాళ్ళకు లోపల ఏముందో తెలుసు. మా పత్రిక కొన్న నానమ్మకు అట్లాంటి కబురు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఒక మాట మీద అభ్యంతరం ఉంటే ఎట్లా చెప్పాలి?

ఫోన్ చేయండి, పొద్దున తొమ్మిది దాటాక. 'అందరి మనోభావాలు' అనొద్దు, మీకు ఎక్కడ గుచ్చుకుందో చెప్పండి. నాకు మాటలు నేర్పింది అట్లాంటి ఫోన్లే.

ఇన్ని నియమాలు చెప్పారు. ఇప్పటిదాకా మీ గళ్ళలో ఒక్క బూతైనా పడలేదా?

పడింది. అడ్డం, నిలువు రెండూ నాలుగుసార్లు చూసుకుని పంపాను, ఐమూలగా చూడలేదు. రెండో వరుసలోంచి నాలుగో వరుసకు ఏటవాలుగా మూడు గళ్ళు చదివితే, ఇక్కడ రాయలేని మాట, వత్తులతో సహా తప్పులేకుండా కుదిరింది. నలుగురు కలిసి కూర్చుని కట్టినా అంత బాగా కుదరదు. ఎవరూ చూడలేదులే అనుకున్నాను. పది రోజులకు నర్సంపేట నుంచి ఒక పెన్షనర్ గారు ఫోన్ చేశారు, నవ్వు ఆపుకోలేకపోతున్నారు. "సార్, అడ్డం అన్నీ నింపిన, నిలువు అన్నీ నింపిన. మూలకు ఇంకోటి దొరికింది. దానికి బహుమతి వేరే ఉన్నదా?"